ఇల్లు కొనేటప్పుడు ఏజెంటు ఎవరి మనిషి?

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో "మంచి రియల్టర్ ఉంటే చెప్పండి" అని అడిగి చూడండి. పది నిమిషాల్లో ఇరవై నంబర్లొస్తాయి. ప్రతి నంబరు పక్కనా ఒకటే మాట: "మనవాడే, క్యాష్ బ్యాక్ కూడా ఇస్తాడు." పాత కారు కొనడానికి మూడు వారాలు ఎక్సెల్ షీటు నింపే మనం, ఐదు లక్షల డాలర్ల ఇంటికి మనిషిని ఎంచుకునేది మాత్రం ఇలా!

ఇదివరకు ఇది పెద్దగా పట్టించుకోని సంగతే. అమ్మేవాడు ఐదారు శాతం కమీషన్ ఒప్పుకునేవాడు, అందులో సుమారు సగం కొనేవాళ్ళ ఏజెంటుకి పోయేది. ఆ వాటా ఎంతో ఎమ్మెల్లెస్ లిస్టింగులోనే రాసుండేది. అందుకే "మీకు నా సర్వీసు ఫ్రీ అండీ" అనేవాళ్ళు. ఫ్రీ ఏమిటి నా మొహం, మనం తెచ్చే డబ్బులోంచే కదా అందరికీ వెళ్ళేది. 2023 అక్టోబరులో కాన్సాస్ సిటీ జ్యూరీ ఈ పద్ధతిని తప్పుపట్టి దాదాపు 178 కోట్ల డాలర్ల నష్టపరిహారం వేసింది. 2024 మార్చిలో నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రియల్టర్స్ 41.8 కోట్ల డాలర్లకి రాజీకొచ్చింది. ఆ రాజీ ప్రకారం 2024 ఆగస్టు 17 నుంచి ఎమ్మెల్లెస్‌లో ఆ వాటా చూపించకూడదు. ఏజెంటు మనకి ఇల్లు చూపించేముందే కాగితం మీద ఒప్పందం ఉండాలి, అందులో ఫీజెంతో స్పష్టంగా రాయాలి. అమ్మేవాడు ఇప్పటికీ ఇవ్వచ్చు, కానీ ఇస్తాడన్న గ్యారంటీ లేదు.

నా గొడవంతా ఈ ఒప్పందం గురించే. శుక్రవారం రాత్రి ఈమెయిల్లో వస్తుంది, "జస్ట్ ఫార్మాలిటీ అండీ, ఫోన్లోనే సైన్ చేసేయండి, రేపు పొద్దున్న ఇళ్ళు చూద్దాం" అంటూ. మాకొచ్చిన మొదటి ఒప్పందంలో ఏముందో తెలుసా? ఫీజు మూడు శాతం, గడువు ఆరు నెలలు, కౌంటీ మొత్తానికి అతనొక్కడే ఏజెంటు. ఐదు లక్షల ఇంటికి మూడు శాతమంటే 15,000 డాలర్లు. అమ్మేవాడు రెండు శాతమే ఇస్తానంటే, మిగతా 5,000 మన జేబులోంచి. దాన్ని హోమ్ లోన్లో కలుపుకోవడం మామూలుగా కుదరదు. డౌన్ పేమెంటుకే ఊడ్చిపెట్టుకున్నవాడికి క్లోజింగ్ ముందు ఐదు వేలంటే మాటలా? గడువు 30 రోజులు చేయమనీ, శాతం తగ్గించమనీ అడిగితే, "అందరూ పెట్టేస్తున్నారండీ, మీరే ఇన్ని అడుగుతున్నారు" అన్నాడు. కమీషన్ ఎంతన్నది బేరమాడుకోవచ్చని ఆ కాగితంలోనే రాసుండాలి, అది నిబంధన. మేం సంతకం పెట్టలేదు.

ఇక క్యాష్ బ్యాక్. టెక్సస్‌లో అది చట్టబద్ధమే, తీసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఒక్క లెక్క చూడండి. మీ ఏజెంటు గట్టిగా బేరమాడి 20,000 తగ్గించాడనుకోండి. మీకు మిగిలేది 20,000, అతనికి తగ్గేది 600. ఆ వచ్చేదాంట్లో కూడా బ్రోకరేజీకి వాటా పోతుంది. అంటే ధర తగ్గించడానికి అతనికి డబ్బు పరంగా ఏ కారణమూ లేదు, తొందరగా క్లోజ్ చేయడానికి మాత్రం బోలెడుంది. ఒక శాతం వెనక్కిచ్చే మనిషి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు తిరగేసి చదవకపోతే ఆ 5,000 ఏ మూలకి?

మా ఆవిడ ప్రతి ఏజెంటునీ ఒకే ప్రశ్న అడిగింది: "మీరు క్లయింటుని కొనద్దని ఆపిన ఇల్లు ఒకటి చెప్పండి." మొదటాయన "నా క్లయింట్లందరూ హ్యాపీ అండీ" అన్నాడు. ఇంకొకావిడ మాత్రం ఒక ఇంటి గోడల్లో మెట్లమెట్లుగా వచ్చిన పగుళ్ళూ, సరిగా పడని తలుపులూ వర్ణించి, ఇక్కడి బంకమట్టి వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోయి ఫౌండేషన్‌ని ఎలా కదిలిస్తుందో పావుగంట చెప్పింది. ఆవిడా తెలుగావిడే. మనవాళ్ళని వద్దనడం లేదు, మనవాడవడం ఒక్కటే అర్హత కాదంటున్నా.

ఇంకోటి, మన ఏజెంటు ఉన్న బ్రోకరేజీ దగ్గరే ఆ ఇంటి లిస్టింగు కూడా ఉంటే? రెండు పక్షాలూ రాతపూర్వకంగా ఒప్పుకుంటే టెక్సస్‌లో బ్రోకరు ఇంటర్మీడియరీగా ఇద్దరికీ పనిచేయచ్చు. అప్పుడతను ఎవరివైపూ మొగ్గకూడదు. కోర్టులో ఇద్దరికీ ఒకే లాయరు ఉంటే మీరు ఒప్పుకుంటారా? నేనైతే ఒప్పుకోను.

అన్నట్టు కొత్త కమ్యూనిటీల్లో మోడల్ హోమ్ చూడ్డానికి ఊరికే వెళ్ళే అలవాటుంటే జాగ్రత్త. అక్కడ కాఫీ ఇచ్చి నవ్వుతూ మాట్లాడే మనిషి బిల్డరు మనిషి. మొదటిసారి మీరు ఒంటరిగా వెళ్ళి పేరు రాసొస్తే, తర్వాత మీ ఏజెంటుకి కమీషన్ ఇవ్వమనే బిల్డర్లున్నారు. అక్కడికి వెళ్ళేముందే మీ ఏజెంటుకి ఒక ఫోన్ కొట్టండి.