కాలం ఎవరి చేతిలో ఉంది?

ఈ మధ్య శ్రీకాకుళంలో జరిగిన ఒక కథల సమావేశంలో ఎం.ఏ. చదువుతున్న అమ్మాయి తను రాసిన కథ చదివింది. బర్మా నించి పారిపోయి హైదరాబాదు బాలాపూర్ బస్తీకి చేరిన పదహారేళ్ళ రోహింగ్యా పిల్ల కథ. ఆ పిల్లకి కాలాన్ని ఆపే శక్తి ఉంది. వేలెత్తితే సైనికుడి తూటా గాలిలో నిలిచిపోతుంది. నదిలో పడవ నిలిచిపోతుంది. ఆశ్రయం కోరిన కాగితం మీద అధికారి కలం నిలిచిపోతుంది. చివరికి మంటల్లో చిక్కుకున్న ఇరుగుపొరుగు పిల్లల్ని ఆ శక్తితోనే కాపాడి, అందరి మెప్పూ పొంది, శక్తి పోగొట్టుకుని మామూలు ఆడపిల్ల అయిపోతుంది. హాలంతా చప్పట్లు. నేను కొట్టలేదు. పైగా నా వంతు వచ్చినప్పుడు కటువుగానే మాట్లాడాను. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. అందుకు బాధగానే ఉంది కాని, అన్న మాట వెనక్కి తీసుకోను. అక్కడ ఐదు నిమిషాల్లో చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

నా పేచీ అద్భుతంతో కాదు. మొహ్సిన్ హమీద్ నవల ‘ఎగ్జిట్ వెస్ట్’ (2017)లో శరణార్థులు మాయ తలుపుల్లోంచి దేశాలు దాటుతారు. అదే ఏడు వచ్చిన హంగేరీ సినిమా ‘జూపిటర్స్ మూన్’లో సరిహద్దు దగ్గర తూటాలు తగిలిన సిరియా కుర్రాడు గాలిలోకి లేస్తాడు. ఇవి వద్దని నేనెందుకంటాను? నన్ను గుచ్చింది ఆ చప్పట్లు. ఏ శక్తీ లేని వట్టి పిల్ల అయితే, ఎవర్నీ కాపాడకపోతే, ఆమెకి మన ఊళ్ళో చోటివ్వమా? ఆశ్రయానికి అర్హత సంపాదించుకోవాలా? మన ఇళ్ళలో కోడలికి పెట్టే పరీక్ష లాంటిదే ఇదీ. ముందు ఉపయోగపడి చూపించు, తర్వాత మనిషివని ఒప్పుకుంటాం!

కాలాన్ని ఆపిన ఆడది మనకి కొత్తేం కాదు. 14వ శతాబ్దిలో మారన తెలుగు చేసిన మార్కండేయ పురాణపు కథే చూడండి. కుష్ఠురోగి మొగుణ్ణి అతను కోరిన వేశ్య ఇంటికి భుజాల మీద మోసుకెళుతోంది భార్య. మనం సతీ సుమతి అని చెప్పుకునే ఆవిడే. చీకట్లో ఆ మొగుడి కాలు కొరత మీదున్న మాండవ్యుడికి తగిలింది. పొద్దు పొడిస్తే చస్తావని ముని శపించాడు. అయితే పొద్దే పొడవదంది ఆవిడ. పొడవలేదు! లోకం అల్లకల్లోలమైతే దేవతలు అనసూయని రాయబారం పంపారు. ఒక పతివ్రత వచ్చి నచ్చజెబితే ఇంకో పతివ్రత సూర్యుణ్ణి వదిలేసింది. అనసూయ మొగుణ్ణి బతికించింది, కథ సుఖాంతం.

ఆడదాని చేతికి ఏకంగా సూర్యుణ్ణే ఇచ్చారు కదా అని మురిసిపోయేవాళ్ళున్నారు. ఎంతసేపు ఇచ్చారు, ఎవరి కోసం ఇచ్చారు అన్నది అడగాలి. తన కోసం ఆవిడ ఒక్క ఘడియ వాడుకోలేదు. ఆ రాత్రి భుజం దించుకుని కాసేపు కూచుందేమో, పురాణం చెప్పదు. బాలాపూర్ పిల్లకి మన కథకురాలిచ్చిన శక్తి కూడా అచ్చం ఇదే. ఇతరుల కోసం వాడు, పని కాగానే తిరిగిచ్చెయ్యి. సుమతి మెడలో తాళి ఉంటే ఈ పిల్ల చేతిలో శరణార్థి కార్డుంది, అంతే.

ఇక నా సొంత కోపం. మా అమ్మమ్మ రంగూన్లో పుట్టింది. టెక్కలి దగ్గర పల్లె నించి వాళ్ళ నాన్న అక్కడి బియ్యం మిల్లులోకి కూలికెళ్ళాడు. అప్పట్లో ఉత్తరాంధ్ర పల్లెల్లో బర్మా వెళ్ళిన మనిషి లేని ఇల్లు వెతుక్కోవాలి. ఆ చరిత్ర దొరికేదీ మగవాళ్ళ లెక్కలోనే. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, ఆ వెంట బర్మీయులతో చెలరేగిన కొట్లాట పుస్తకాల్లో ఉన్నాయి. జనం నోట రంగూన్ అంటే రౌడీ. 1941 డిసెంబరు 23న జపాను బాంబులు పడ్డాక నాలుగు లక్షలకి పైగా భారతీయులు అడవుల్లోంచి, కొండల్లోంచి కాలినడకన ఇటు బయల్దేరారు. వేలమంది దారిలోనే పోయారు. ఆ గుంపులో ఏడేళ్ళ పిల్ల మా అమ్మమ్మ. ప్రోమ్ నించి టౌంగుప్ కొండదారి పట్టుకుని అరకాన్ తీరానికి నడిచారు. ఇవాళ రోహింగ్యాలు పారిపోయి వస్తున్నది ఆ అరకాన్ నించే, అంటే ఇప్పటి రఖైన్ నించే. మా వాళ్ళకీ అది గుర్తుండదు.

ఎన్ని రోజులు నడిచారే అని చిన్నప్పుడు అడిగితే, “రోజులెవులు లెక్కెట్టినారే పిల్లా? తమ్ముడు పోయిన రోజు, నీల్లు దొరికిన రోజు, మాయమ్మ గాజులమ్మిన రోజు” అనేది. అంతే. కేలండరు లేదు. ఒకసారి తమ్ముడి రోజు ముందొచ్చేది, ఒకసారి నీళ్ళ రోజు. నీళ్ళు ముందు దొరికిన కథలో తమ్ముడు ఇంకాస్త దూరం నడిచేవాడు. ఆమెకున్న శక్తి అదొక్కటే. దాంతో ఆమె ఎవర్నీ బతికించలేకపోయింది.

అసలైన మాయశక్తి ఆమె చేతిలో లేదు, ఆఫీసు బల్ల వెనకాల ఉంది. ఆమెకి పుట్టినతేదీ కాగితం లేదు. రేషన్ కార్డులో ఎవరో చూపుతో అంచనా కట్టి వయసు వేశారు. 2006లో, డెబ్బై దాటాక, వృద్ధాప్య పింఛనుకి వెళితే కార్డులో యాభై ఎనిమిదే ఉందని, వయసు చాలదని పంపేశారు. ఏడేళ్ళు తిరిగింది. ఆధార్‌లో జనవరి 1 అని పడింది. కాగితం లేనివాళ్ళందరూ ఒకేరోజు పుడతారు కాబోలు ఈ దేశంలో. పన్నెండేళ్ళు వెనక్కి తిప్పి, ఏడేళ్ళు ఆపి పెట్టారు. ఏ సుమతి చేసిందిలాంటి పని?

ఆమె అక్కకి పద్నాలుగేళ్ళకే పెళ్ళయి మౌల్మేన్లో ఉండిపోయింది. ఆవిడ మునిమనవరాళ్ళకి తెలుగు కొంచెం వచ్చు. బర్మా 1982లో తెచ్చిన చట్టం 1823కి ముందు నించి అక్కడ స్థిరపడ్డ జాతులవాళ్ళే పుట్టుకతో పౌరులంది. తెల్లవాడు వచ్చాక వచ్చినవాళ్ళ సంతానానికి కిందిమెట్టు పౌరసత్వాలు. రోహింగ్యాలని ఆ జాతుల జాబితాలోనే చేర్చలేదు. నాలుగు తరాల బతుకుని ఒక ఏడాది అంకె దగ్గర ఆపేశారు.

మనమేం తక్కువ తినలేదు. 1951 శరణార్థుల ఒప్పందంలో మన దేశం చేరలేదు, శరణార్థుల కోసం ప్రత్యేకమైన చట్టమూ లేదు. 2017 ఆగస్టులో రోహింగ్యాలని గుర్తించి పంపెయ్యమని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకి రాసింది. 2019 పౌరసత్వ సవరణ చట్టం మూడు పొరుగుదేశాల నించి 2014 డిసెంబరు 31 లోపు వచ్చిన ఆరు మతాలవాళ్ళకి 11 ఏళ్ళ నివాసం అక్కర్లేదు, 5 ఏళ్ళు చాలంది. ఆరేళ్ళు ఒక్క వాక్యంతో మాయం! మంచిదే, ఎవరి నిరీక్షణ తగ్గినా మంచిదే. కాని ముస్లింలకి తగ్గలేదు. ఆ మూడింటిలో బర్మా లేదు. 1942లో నడిచొచ్చిన మా అమ్మమ్మనీ, 1964లో దుకాణాలు జాతీయం చేశాక ఓడల్లో దిగినవాళ్ళనీ మనవాళ్ళన్నాం. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అన్న పేరు ఇంకా ఉంది. అదే అరకాన్ దారి పట్టి వచ్చిన పిల్లని చొరబాటుదారంటున్నాం. ఇంత పెద్ద గారడీ ఎదురుగా జరుగుతుంటే, గారడీ అంతా ఆ పిల్ల వేలి చివర ఉందని రాస్తే నాకు ఒళ్ళు మండదా?

టీ తాగుతుండగా ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. “మేడమ్, మీకు చెప్పడానికి మీ అమ్మమ్మ ఉంది. మా ఇంట్లో కూడా బర్మా నించి వచ్చారంటారు. ఎవరొచ్చారో, ఎలా వచ్చారో చెప్పేవాళ్ళెవరూ మిగల్లేదు. ఆ పిల్ల ఆపిన తూటా మా వాళ్ళ కోసం ఆపిందే. అది కూడా తీసెయ్యమంటారా?” అంది.

తూటా ఉంచుకోమన్నాను. పిల్లల్ని కాపాడే మంటలు తీసెయ్యమన్నాను. శక్తి తిరిగిచ్చెయ్యడం మాత్రం ఒప్పుకోనన్నాను. ఆ పిల్ల దాన్ని తన కోసం ఏం చేసుకుంటుందో రాయమన్నాను. “ఏం చేసుకుంటుంది మేడమ్?” అని అడిగింది. కాసేపు ఆలోచించి, నిద్రపోతుందేమో అన్నాను. రెండు నెలలైంది, కథ ఇంకా పంపలేదు.