జీ అంటే కుడికి

మా తార్నాకలో వీధి చివర చిన్న గ్రంథాలయం ఒకటుంది. వేసవి సెలవుల్లో ఆదివారంపూట పిల్లలను కూర్చోబెట్టి ఎవరిచేతనైనా కబుర్లు చెప్పిస్తారు. మొన్న ఆ వంతు నాకు వచ్చింది. “ఎండలు మండిపోతున్నాయి, కాస్త చల్లని సంగతేదైనా చెప్పండి లెక్చరరుగారూ” అన్నారు కార్యదర్శిగారు. సరేనని, అలాస్కా మంచులో కుక్కల బండి తోలిన లియొనార్డ్ సెప్పలా కథ ఎత్తుకున్నాను.

నార్వే నుంచి వలస వెళ్ళిన మనిషి. 1915 మొదలు వరుసగా మూడేళ్ళు అక్కడి పెద్ద పందెం గెలిచాడు. ఆ బండికి చక్రాలుండవు, కుక్కలకు పగ్గాలుండవు. తోలేవాడి నోరే పగ్గం. “జీ” అంటే కుడికి, “హా” అంటే ఎడమకు. పిల్లలు రెండూ బిగ్గరగా అని చూసుకున్నారు.

1925 జనవరిలో నోమ్ అనే ఊళ్ళో పిల్లలకు కంఠసర్పి, అదే డిఫ్తీరియా, సోకింది. సముద్రం గడ్డకట్టింది గనక ఓడలు రావు. రైలు మీద మందు నెనానా దాకా వచ్చి ఆగింది. అక్కడినుంచి 674 మైళ్ళు. చలి సున్నాకు దిగువన 45 డిగ్రీలు. ఇరవైమంది బండివాళ్ళు, నూట యాభై దాకా కుక్కలు, చేతులు మార్చుకుంటూ అయిదున్నర రోజుల్లో మందు చేరవేశారు. అందరికన్నా ఎక్కువ దూరం నడిచింది సెప్పలా బండి. ముందు నడిచిన కుక్క టోగో, అప్పటికే పన్నెండేళ్ళ ముసలిది. అయితే న్యూయార్కులో విగ్రహం నిలిచింది మాత్రం ఆఖరి మజిలీ నడిచిన బాల్టోకి! ఏడాదంతా పాఠం చెప్పినవారొకరు, ఫలితాలనాడు ఫొటోలో నిలబడేవారొకరు. మా వృత్తిలోనూ ఇది ఎరగనిది కాదు. మరుసటేడు సెప్పలా టోగోను వెంటబెట్టుకుని అమెరికాలో ఊరూరా తిప్పి చూపించాడంటే, ఆయన కడుపుమంట నాకు బోధపడుతుంది.

“సార్, ఆ కుక్కలు కరవవా?” అంది ముందు వరసలో ఎనిమిదేళ్ళ పాప. నెల కిందట వీధికుక్క ఆ పిల్ల పిక్క పట్టుకుందట. నల్లకుంట కోరంటి దవాఖానాకు తిరిగి సూదులు వేయించుకుంది. కంఠసర్పి పిల్లలను తీసుకువెళ్ళేదీ ఆ ఆసుపత్రికే.

వాటికి యజమాని ఉన్నాడమ్మా, వేళకు తిండి పెడతాడు, మంచు కోసుకోకుండా కాళ్ళకు జోళ్ళు కూడా తొడుగుతాడు అన్నాను.

“మరి మన వీధివాటికి ఎవరున్నారు?”

నేను నీళ్ళు నమిలాను. దాచడమెందుకు, పొద్దున్నే ఆర్ట్సు కాలేజీ వైపు నడకకు వెళ్ళేటప్పుడు నా చేతిలో గొడుగుండేది ఎండకు కాదు. 2023 ఫిబ్రవరిలో పక్కనున్న అంబర్‌పేటలో నాలుగేళ్ళ పసివాణ్ణి వీధికుక్కలు చంపినప్పటినుంచీ అది నా చేయి వదలలేదు. చెవి కొస కత్తిరించి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ, పిచ్చికుక్క రోగానికి టీకా అయినట్టు గుర్తు అని మాత్రం పాపకు చెప్పాను.

ఆమెను ఇంటిదాకా దిగబెట్టే పని నా మీదే పడింది. సందు మొగలో ఒక నల్లకుక్క అడ్డంగా పడుకుని ఉంది. పాప నా వేలు పట్టుకుని తొంగిచూసింది.

“చెవి కత్తిరించే ఉంది సార్” అంది. తరవాత గొంతు సవరించుకుని, “జీ!” అంది.

కుక్క ఒక కన్ను తెరిచి, మళ్ళీ మూసుకుంది. మేమే “హా” అనుకుని ఎడమ పక్క సందులోంచి వెళ్ళాం.