అమ్మకుండానే పోతున్న భూమి

మన్యంలో గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనరాదని 1970 నుంచీ 1/70 చట్టం చెబుతోంది. దానికెన్ని చిల్లులు పడినా అడ్డతీగలలో పనిచేసే నాబోటి వాళ్లం దాన్నే పట్టుకుని కొట్లాడతాం. మరి కింద కోస్తాలో? అక్కడ చిన్నరైతు భూమిని కొననక్కర్లేదు. పక్కన రొయ్యల చెరువు తవ్వి ఉప్పునీళ్లు నింపితే చాలు.

ఊటగా దిగిన ఉప్పు వరి వేళ్లను నీళ్లు తాగనివ్వదు. మడినిండా నీళ్లున్నా పైరు ఎండుతుంది. నారుమడిలోనూ, ఈనేటప్పుడూ దెబ్బ మరీ ఎక్కువ; కంకినిండా తాలే. సోడియం పట్టిన బంకమట్టి నీటిని ఇంకనివ్వదు, ఎండితే రాయవుతుంది. జిప్సం వేయమంటారు. వేశాక మంచినీళ్లతో కడగాలి, కడిగిన నీళ్లు బయటికి పోవాలి. పక్కన చెరువుగట్టు పెట్టుకుని ఎక్కడికి పోతాయి?

నాట్లు, కలుపు, కోత ఆడవాళ్ల కూలి. చెరువు దగ్గర కాపలా మగవాళ్లది. బావి ఉప్పనైతే బిందెతో దూరం నడిచేది మళ్లీ ఆడవాళ్లే. నష్టపరిహారమంటే పట్టా ఎవరి పేరుందని అడుగుతారు. కౌలుకు చేసే ఆమె ఏం చూపించాలి?

పంటభూముల్ని రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2005లో వచ్చిన కోస్తా ఆక్వాకల్చర్ చట్టం చెరువులకు రిజిస్ట్రేషన్ దారి వేసింది. డాలర్ల పంట కదా!

అదే 1996 డిసెంబర్‌లో వచ్చిన పెసా చట్టం, భూమి తీసుకునే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలని మన్యానికి చెప్పింది. చెరువుకు అనుమతిచ్చే ముందు చుట్టూ పొలాల్లో కూలికెళ్లే ఆడవాళ్లను కోస్తాలో ఎందుకడగరు?