చెరువులో గోడ ఉండదు కదా, పల్టీ ఎందుకు?

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపికతో చదవండి.

మేం వరంగల్‌ల హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదివే నలుగురం. ఇద్దరిది గూడెం, ఇద్దరిది తండా. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే ఫస్టు. ఈ ఏడు ట్రయథ్లాన్‌కు తయారవుతున్నం. ముందు ఈత, ఆగకుండా సైకిల్, మళ్ల ఆగకుండా పరుగు. 2000 సిడ్నీ నుంచి ఒలింపిక్స్‌లో ఉంది: 1500 మీటర్లు, 40 కిలోమీటర్లు, 10 కిలోమీటర్లు.

పరుగు మనకు కొత్త కాదు. సైకిల్ ఒక సీనియర్ అన్న ఇచ్చిండు. తిప్పలంతా ఈతతోనే.

"మీరు వాగు పిల్లలు, మీకు ఈత నేర్పేదేంది?" అంటరు. మెచ్చుకున్నట్టే ఉంటది గానీ, ఆ మాటతోనే మనల్ని కోచింగ్‌కు దూరం పెడతరు. వాగుల నేర్చిన ఈత ఒడ్డు చేరడానికి. తల పైకెత్తి, అవతలి చెట్టు చూసుకుంట కొడతం. పూల్‌లో అట్ల కొడితే 100 మీటర్లకే ఆయాసం, ఎందుకంటే తల లేస్తే కాళ్లు మునుగుతయ్.

ఇగ టర్న్ సంగతి. 25 మీటర్ల పూల్‌లో 1500 అంటే 60 సార్లు పోవాలె, 59 సార్లు తిరగాలె. మొదట్ల మేం గోడ పట్టుకొని, మొఖం తుడుచుకొని, ఊపిరి పీల్చి మళ్ల పోయేటోళ్లం. అది 1500 కాదు, 25 మీటర్ల ముక్కలు అరవై. అందుకే సార్ పల్టీ టర్న్ మొదలుపెట్టిచ్చిండు. వారం రోజులు ముక్కుల నీళ్లే. మాలో ఒకడు మడిమ గట్టుకు కొట్టుకొని రెండ్రోజులు కుంటిండు.

తేలినదేందంటే, గోడను చూడొద్దు. పూల్ అడుగున నల్లగీత గోడకు 2 మీటర్ల ముందు 'టీ' ఆకారంలో ఆగుతది, దాన్ని చూడాలె. చేతులు తొడల పక్కకు, గడ్డం ఛాతీకి, ముక్కుతో గాలి వదులుకుంట తిరగాలె. పాదాలు గోడకు తాకంగనే వెల్లకిల ఉన్నప్పుడే తన్నాలె, ఆ తర్వాతే బోర్లా తిరగాలె. మేం తన్నకముందే బోర్లా తిరగబోయి అడుగుకు పోయినం. పల్టీ రానోళ్లు సిగ్గుపడే పని లేదు. ఒక చేత్తో గోడ తాకి, మోకాళ్లు ముడిచి తన్నినా చాలు. ఆగకపోవుడే ముఖ్యం.

"పోటీ చెరువులో జరిగితే గోడేది?" అని మేమే కొట్లాడుకున్నం. నిజమే, అక్కడ బోయా చుట్టు తిరుగుడే. ఇంకో మాట: ఒక్కో తన్నుకు 5 మీటర్లు జారినం అనుకుంటే, 59 సార్లకు దగ్గర దగ్గర 300 మీటర్లు గోడే ఇచ్చినట్టు. కాబట్టి పూల్ టైము చూసి మురవొద్దు. కానీ ఆగకుండా ఊపిరి పట్టే అలవాటు టర్న్‌తోనే వచ్చింది. బోయా కోసం తల ఎత్తి చూసుడు మాత్రం మన వాగు ముందే నేర్పింది. అక్కడ పట్నం పోరగాళ్ల కంటే మనమే నయం.

ఇంట్ల వాళ్లకు నీళ్లంటే భయం ఉంది, అది తప్పు కాదు. 2023 జూలైల ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటల ఒక్కరోజే 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. జంపన్నవాగు పొంగి కొండాయిల మనోళ్ల ప్రాణాలు పోయినయ్. "నీళ్లతో ఆటలేంది బిడ్డా" అన్న అమ్మకు ఏం జవాబు చెప్తం? నేర్పేటోళ్ల ముందట నేర్చుకుంటున్నం అని చెప్పినం, అంతే.

మా అభిప్రాయం ఒక్కటే. హాస్టళ్లల్లో కబడ్డీ, వాలీబాల్ ఉన్నయ్, మంచిదే. ఈతకు మాత్రం ఫీజు, కాస్ట్యూమ్, టోపీ, గాగుల్స్ మన జేబుల నుంచే. మేం నలుగురం రెండు గాగుల్స్‌తో నెట్టుకొస్తున్నం. ఒక పూల్‌ల నిక్కరు చూసి వాపస్ పంపిన్రు. వారానికి రెండు పొద్దులు, ఒక్కో గంట, హాస్టల్ పిల్లలకు ఫీజు లేకుండా పూల్ ఇవ్వమని దరఖాస్తు రాస్తున్నం. అమ్మాయిలకు వేరే టైము, నేర్పడానికి మేడం ఉండాలని కూడా రాసినం. అది మా క్లాసు చెల్లెళ్లు అడిగిందే.

సంతకం పెట్టేటోళ్లు కింద పేరు, హాస్టల్, ఇయర్ రాయండి. శనివారం లోపల కాగితం తీసుకపోతం.