నడుస్తోంది కదా అని వదిలేస్తే ఎలా?

ఉస్మానియా క్యాంపస్ క్వార్టర్లలో, తార్నాక వీధుల్లో చాలా ఇళ్లలో పుస్తకాల బీరువా పక్కన ఒక పాత డెస్క్‌టాప్ పగలూ రాత్రీ నడుస్తూ కనిపిస్తుంది. మానిటర్ ఉండదు, లినక్స్ మాత్రం ఉంటుంది. కుటుంబం ఫొటోలు, పీహెచ్‌డీ కోసం ఊరూరా తిరిగి చేసిన రికార్డింగులు, స్కాన్ చేసుకున్న పుస్తకాలు అన్నీ అందులోనే. "అప్‌గ్రేడ్ చేశారా సార్?" అని అడిగితే పెద్దవాళ్లు చెప్పేది ఒకటే: "నడుస్తోంది కదమ్మా, ఎందుకు కెలకడం?"

కెలకాల్సిందేనని నా వాదన. గడువు తీరిన సిస్టమ్ కూడా నిక్షేపంగానే నడుస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ కొత్తగా బయటపడే లోపాలకు దానికి ప్యాచ్‌లు అందవు. బయట ఊళ్లో ఉన్నప్పుడు కూడా ఫైళ్లు తెరుచుకోవాలని రూటర్‌లో పోర్టు తెరిచిపెట్టిన ఇళ్లయితే ఇంకా ప్రమాదం. లినక్స్ రకాల్లో 2021 ఆగస్టులో వచ్చిన డెబియన్ 11కి దీర్ఘకాలిక సపోర్టు (ఎల్‌టీఎస్) గడువు 2026 ఆగస్టు 31. ఉబుంటు 20.04కి మామూలు సపోర్టు 2025 మేలోనే అయిపోయింది.

అలాగని ఒక్క దూకులో పైకెక్కడం కుదరదు. డెబియన్ 11 నుంచి 13కి పోవాలంటే 12 మీదుగానే పోవాలి. ఉబుంటులోనూ 20.04 తర్వాత 22.04, ఆపైనే 24.04. అంతకంటే ముందు ప్రాసెసర్ ఏదో చూసుకోవాలి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 32-బిట్ పీసీలకు కెర్నలూ లేదు, ఇన్‌స్టాలరూ లేదు. అలాంటి మెషీన్‌తో కుస్తీ పట్టేకంటే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ 64-బిట్ మెషీన్ చూసుకుని డేటా అందులోకి మార్చుకోవడం నయం.

బ్యాకప్ అనగానే నాకు క్యాంపస్ లైబ్రరీయే గుర్తొస్తుంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ప్రాజెక్టులో ఉస్మానియా యూనివర్సిటీ లైబ్రరీ పుస్తకాలు ఎన్నో స్కానయ్యాయి. తర్వాత ఆ సైటు మూతబడింది. అయినా కాల్ నంబరు, యాక్సెషన్ నంబరు చేత్తో రాసిన ఆ చీటీ పేజీతో సహా అవి ఇవాళ మనం చదవగలుగుతున్నామంటే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో వాటికి ఇంకో కాపీ ఉండబట్టే. ఇంటి సర్వర్‌కీ అదే కావాలి. ఎక్స్‌టర్నల్ డిస్కులోకి ఎక్కించి, వేరే ల్యాప్‌టాప్‌కి తగిలించి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్ అనను.

అసలు పని మొదలయ్యాక కంగారు పెట్టేది మధ్యలో వచ్చే ప్రశ్న. ఇంట్లో ఫోల్డర్లు పంచుకునే సాంబా సెట్టింగుల ఫైలు మీరు ఎప్పుడో మార్చుకుని ఉంటారు. మీది ఉంచాలా, కొత్తది పెట్టాలా అని అప్‌గ్రేడ్ మధ్యలో ఆగి అడుగుతుంది. చదవకుండా కొత్తదానికి ఒప్పుకుంటే పొద్దున్నకి ఇంట్లో ఎవరికీ షేర్డ్ ఫోల్డర్లు కనిపించవు. తేడా చూపించమనే ఆప్షన్ అక్కడే ఉంటుంది, అది నొక్కి చదవండి. వేరే మెషీన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌లో చేస్తుంటే టీమక్స్‌లో నడపండి, వైఫై తెగినా పని ఆగదు. యూపీఎస్ బ్యాటరీ ముందే పరీక్షించుకోండి. డెబియన్ 12లో ఫర్మ్‌వేర్‌కి 'నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్' అనే విభాగం విడిగా పెట్టారు. సోర్సెస్ ఫైల్లో అది చేర్చకపోతే ఫర్మ్‌వేర్‌కి అప్‌డేట్లు రావు. అదే డెబియన్ 12లో పీహెచ్‌పీ 7.4 కాస్తా 8.2 అవుతుంది కాబట్టి పాత వెబ్ పేజీలు కొన్ని మొరాయిస్తాయి.

ఇవన్నీ డెబ్బై దాటిన ప్రొఫెసర్ గారు ఒంటరిగా చేసుకోవాలనడం అన్యాయం. ఆ రికార్డింగుల్లో కథలు చెప్పినవాళ్లు, పాటలు పాడినవాళ్లు చాలామంది ఇప్పుడు లేరు. పోతే మళ్లీ రికార్డు చేసుకునే వీల్లేదు. చేయగలిగిన పిల్లలేమో పక్కనే, 1929 నుంచీ ఉన్న ఇంజనీరింగ్ కాలేజీలో చదువుతున్నారు. సెమిస్టర్ సెలవుల్లో ఇద్దరిద్దరుగా ఇళ్లకు వెళ్లి, ఒకరోజు బ్యాకప్, ఇంకోరోజు అప్‌గ్రేడ్ చేసి రావచ్చు. కాలేజీ దీన్ని మినీ ప్రాజెక్టుగా లెక్కేసి మార్కులిస్తే మరీ మంచిది. క్లాసులో దొరకని అనుభవం వాళ్లకి, నిశ్చింత వీళ్లకి. ఒక్క షరతు మాత్రం పెట్టాలి: పని యజమాని ఎదుటే జరగాలి, పాస్‌వర్డు వాళ్లే కొట్టాలి, డేటా ఒక్క ఫైలు కూడా ఆ ఇల్లు దాటి పోకూడదు.