గోడమీద ఎవరి బొమ్మ?

శివరాత్రినాడు పట్టిసీమ రేవున పడవనెక్కి, గోదావరి నడుమ వెలసిన వీరభద్రుని సేవింపబోవు జనసమూహమును మా పాఠకులెరుగుదురు. ఆ చెంతనే 2015లో 24 పంపులతో ఎత్తిపోతల పథకము వెలసి, గోదావరి నీటికి కృష్ణకు దారి చూపెను. నీటికి దారి చూపిన మనము, ఆ నదినే నమ్మి బ్రదికిన జనుల రూపమునకు ఒక గోడ చూపవలదా?

ఈ విషయమున మెక్సికో దేశమును చూడుడు. 1910లో అచ్చట విప్లవము చెలరేగెను. 1921లో విద్యామంత్రియైన హోసే వాస్కోన్‌సెలోస్ ప్రభుత్వ భవనముల గోడలను చిత్రకారులకు అప్పగించెను. రివేరా, ఒరోస్కో, సికెయిరోస్ మొదలగువారు వానిపై కర్షకుని, కూలిని, ఆదివాసిని నిలిపిరి. అక్షరము రానివాడును తన చరిత్రను అచ్చట చూచుకొనగలిగెను. 1952లో మన సతీష్ గుజ్రాల్ ఆ దేశమేగి రివేరా, సికెయిరోస్‌ల కడ పని నేర్చెను.

నేడు మనవారు కొందరు మెక్సికో కళ యనగా ఫ్రీడా కాలో ముఖమును చొక్కాలపై, సంచులపై అద్దుకొనుటయే యనుకొనుచున్నారు. ఇది అనుకరణము, ఆదర్శము కాదు. రివేరా పెక్కేండ్లు పారిసులో నుండియు, ఇల్లు చేరి తనవారినే చిత్రించెను. మన దామెర్ల రామారావును అట్టివాడే. 1897లో రాజమహేంద్రవరమున పుట్టి, బొంబాయిలో విద్య నేర్చి, తిరిగివచ్చి మన జనులను, కొండల నడిమి గోదావరిని చిత్రించెను. 1925లో, మూడు పదులు నిండకయే గతించెను. ఆయన పేరిటి చిత్రశాల రాజమహేంద్రవరమున కలదు. కాని చిత్రశాల వెదకికొని పోయినవారికే దర్శనమిచ్చును. రేవుగోడ దారినబోవు వారందరిదియు.

ధనమెక్కడిదని కొందరు అడుగవచ్చును. ఎన్నికలనాడు నాయకుల ముఖములతో గోడలు నిండునప్పుడు వారీప్రశ్న నేల వేయరు?

పట్టిసీమ రేవున ఒక గోడను ప్రభుత్వ వ్యయముతో ఆంధ్ర చిత్రకారులకీయవలెనని మేము కోరుచున్నాము. దానిపై పడవ నడుపువాడును, వరి నాటు స్త్రీయును, పోలవరము కొరకు ఊళ్లు విడిచిన కోయలును, కొండరెడ్లును కనబడవలెను. బొమ్మను దిద్దు అధికారము ఏ నాయకునికిని ఉండరాదు. లెనిన్ ముఖమును తీసివేయనొల్లని రివేరా చిత్రమును 1934లో న్యూయార్కు ధనికులు పగులగొట్టించిరి. ఆ అపకీర్తి నేటికిని వారిని విడువలేదు.

ఊళ్లు విడిచినవారికి భూమియు, పరిహారమును ముందుగా ముట్టవలెను. బొమ్మ వానికి బదులు కాదు. కాని వారి త్యాగమును రేపటి బిడ్డ ఎరుగవలెనన్న, అది దస్త్రములలో నుండిన చాలదు, గోడ కెక్కవలెను. ఇది మా కోరిక మాత్రమే కాక, గోదావరి ప్రజలందరి కోరిక కావలెను.