విమానాన్ని కుదిపింది సూర్యుడేనా? అసలు ముప్పు ఎక్కడుంది?

2025 నవంబరు చివర్లో ఎయిర్‌బస్ సంస్థ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 6,000 ఏ320 రకం విమానాలకు వెంటనే మరమ్మతు చేయాలని చెప్పింది. మన దేశంలో ఇండిగో, ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్‌లకు చెందిన 338 విమానాలు ఆ లెక్కలోకి వచ్చాయి. పని కోసం హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కు, ఉమ్రా కోసం జెడ్డాకు వెళ్లేవాళ్లలో చాలామంది ఎక్కేవి ఈ రకం విమానాలే.

తీవ్రమైన సౌర రేడియేషన్ వల్ల విమానాన్ని అదుపు చేసే కంప్యూటర్‌లో డేటా చెడిపోవచ్చని ఎయిర్‌బస్ కారణం చెప్పింది. అంతకుముందు అక్టోబరు 30న మెక్సికో నుంచి అమెరికా వెళ్తున్న జెట్‌బ్లూ విమానం ఒక్కసారిగా కిందికి జారి, కొందరు ప్రయాణికులు గాయపడ్డారు. ఎక్కువ విమానాలకు సాఫ్ట్‌వేర్ మార్పు సరిపోయింది. వార్త కూడా అంతటితో ఆగిపోయింది. కానీ ప్రశ్న మిగిలే ఉంది.

సూర్యుడంటే మనకు కనిపించే ఆ గుండ్రటి బింబం ఒక్కటే కాదు. దాని ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీలైతే, చుట్టూ ఉన్న కరోనా పొర వేడి పది లక్షల డిగ్రీలు దాటుతుంది. అక్కడి నుంచి విద్యుత్ కణాలు సెకనుకు సగటున 400 కిలోమీటర్ల వేగంతో అన్ని వైపులకూ వీస్తుంటాయి. దీన్నే సౌర గాలి అంటారు. ఈ గాలి గ్రహాలన్నిటినీ దాటి ఒక పెద్ద బుడగలా పరుచుకుంది. నాసా వాయేజర్-1 నౌక 2012 ఆగస్టులో, సుమారు 1,800 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఈ బుడగ అంచు దాటింది. దాటగానే కాస్మిక్ కిరణాలు ఒక్కసారిగా పెరిగినట్లు దాని పరికరాలు నమోదు చేశాయి. ఎక్కడో పేలిపోయిన నక్షత్రాల నుంచి వచ్చే ఈ కణాల్లో చాలావాటిని బుడగ బయటే ఆపేస్తోంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. అక్టోబరు 30న సూర్యుడిపై చెప్పుకోదగ్గ తుఫాను లేదని, ఆ విమానాన్ని దెబ్బతీసింది కాస్మిక్ కిరణం కావచ్చని కొందరు నిపుణులు అంటున్నారు. సూర్యుడి ఉద్ధృతి సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతుంది. ప్రస్తుత చక్రం గరిష్ఠ దశకు చేరిందని నాసా 2024 అక్టోబరులో ప్రకటించింది. ఇక ముందు తుఫానులు తగ్గుముఖం పడతాయి. అయితే సూర్యుడు చల్లబడే కొద్దీ బుడగ రక్షణ పలచబడి, కాస్మిక్ కిరణాలు ఎక్కువగా లోపలికి వస్తాయి. అంటే ముప్పు పోదు, రూపం మార్చుకుంటుంది.

సౌర తుఫానుల విషయంలో మనకు సొంత కాపలా ఉంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య-ఎల్1 భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలబడి సౌర గాలిని కొలుస్తోంది. ఆ ప్రాజెక్టును నడిపించిన డైరెక్టర్ తమిళనాడులోని సెంగోట్టైకి చెందిన నిగార్ షాజీ. మన ఆడపిల్లలకు తప్పక చెప్పాల్సిన పేరు ఇది. అయితే గాలి అక్కడి నుంచి భూమిని చేరడానికి గంట పడుతుంది, తుఫానైతే అంతకన్నా తక్కువే. పైగా ఏ కాస్మిక్ కిరణం ఏ చిప్‌ను తాకుతుందో ముందే చెప్పగల పరికరం ప్రపంచంలో ఎక్కడా లేదు.

కాబట్టి ఆకాశంపై నిఘా ఒక్కటే సరిపోదు. కణం తాకినా తప్పును తనే పట్టుకుని సరిదిద్దుకునే కంప్యూటర్ విమానంలో ఉండాలి. సాఫ్ట్‌వేర్ మార్చిన ప్రతిసారీ ఆ రక్షణను మళ్లీ పరీక్షించారా లేదా అన్నది డీజీసీఏ అడగాలి, జవాబును ప్రయాణికులకు తెలిసేలా పెట్టాలి. విమాన ప్రయాణం ఇప్పటికీ చాలా సురక్షితమే. సూర్యుడి పేరు చెప్పి భయపెట్టే వాట్సాప్ మెసేజ్‌లను పక్కన పెట్టండి. కానీ టికెట్ డబ్బు కట్టేవాళ్లుగా ఈ ప్రశ్న అడిగే హక్కు మనకుంది.